సత్తుపిండి - ఇల్లాలి వంతు

ఈనాడు పట్టణములందేకాక పల్లెల కిరాణా దుకాణములందు సైతము వరుసలు తీరి కనబడు డబ్బాలలో ఒక తరగతి డబ్బాలకు ‘సంపూర్ణాహారము’ అను బిరుదము కలదు. రెండు చెంచాల పొడిని గ్లాసెడు పాలలో కలిపి త్రాగినచో ఒక పూట భోజనమునకు బదులగునని వానిపై ముద్రించియుందురు. వృద్ధులకొకటి, గర్భిణులకొకటి, రోగమునుండి తేరుకొనువారికొకటి, బరువు తగ్గదలచినవారికొకటిగా వాని రకములు పెక్కులు. వెల చూచినంతనే, నెలజీతముపై సంసారము నడపుకొను మావంటివారు ఆ డబ్బాను తీసిన చోటనే తిరిగి పెట్టి వచ్చుట సహజము.

ఇట్టి పిండిని స్వల్పవ్యయముతో ఇంటనే చేసికొనవచ్చునా? చేసికొన్నను అది సంపూర్ణమగునా? ఈ రెండు ప్రశ్నలకును మేము కొంతకాలముగా మా వంటయింటనే సమాధానము వెదకుచున్నాము. మొదటిదానికి అవుననియు, రెండవదానికి కాదనియు మాకు తేలినది. అయినను ఈ పిండి ప్రతి ఇల్లాలికిని కావలసినదే యని మూడవ మాట యొకటి చెప్పదలచి, సోదరీమణుల యెదుట ఈ నాలుగు పుటలు ఉంచుచున్నాము.

పిండిని భోజనముగా గొనుట మన దేశమునకు క్రొత్త కాదు. వేయించిన ధాన్యపు పిండికి సంస్కృతమున సక్తువులని పేరు. మనము సత్తుపిండి యనునది ఆ మాటయే. తొలియేకాదశినాడు పేలపిండిని బెల్లముతో కలిపి తినుట మన గోదావరి మండలములందు నేటికిని కలదు. పసిబిడ్డకు తల్లిపాలు మాత్రమే చాలని వయసు రాగానే బియ్యమును పెసరపప్పును దోరగా వేయించి, విసరి, ఉగ్గు పెట్టుదుము. ఎదుగు ఆడపిల్లకు మినుములు వేయించి సున్నిచేసి, నేయి బెల్లము కలిపి ఉండలు కట్టుదుము. బాలెంతరాలికి పాలుపడుటకు తెలగపిండిని మునగాకుతో వండి పెట్టుదుము. బిడ్డకొక పిండి, కన్యకొక పిండి, బాలెంతకొక పిండి యని మన పెద్దలు ఇంత యోచన చేసిరి. పిల్లలు బడికి పోవు వయసువారై, అత్తమామలు వృద్ధులై, ఇంటి బరువంతయు తనమీద పడిన నడివయసు ఇల్లాలికి మాత్రము పేరుపెట్టి చేసిన పిండి యొక్కటియు మాకు కానరాదు.

సంపూర్ణమైన పిండి నొకదానిని చేయవలెనను కోరిక లోకమంతటను ఉన్నదే. 1940వ దశకమున అమెరికాలో హెన్రీ బోర్సుక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు క్షామపీడితులకై సోయాచిక్కుడు పిండితో బహుళప్రయోజనాహారము నొకదానిని సిద్ధపరచెను. 1950లో మైసూరున నెలకొల్పబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు ఆ మార్గముననే మన దేశపు దినుసులతో మరియొకటి చేసిరి. నూనె తీసిన వేరుసెనగపిండి 75 పాళ్ళు, సెనగపిండి 25 పాళ్ళు, పైని విటమినులును సున్నపుధాతువును దాని కూర్పు. 2013లో రాబ్ రైన్‌హార్ట్ అను అమెరికా యువకుడు వండుకొనుటకు విసిగి, దేహమునకు కావలసిన పదార్థములన్నియు లెక్కకట్టి పొడిగా కలుపుకొని ‘సోయ్‌లెంట్’ అని పేరు పెట్టెను. వండుటకు విసిగి వంటను మానగల స్వాతంత్ర్యము అందరికిని ఉండదు గనుక, అతని దారి మన దారి కాదు. ఆ యువకుడు వంట తప్పించుకొనుటకు పిండి వెదకెను. మనము వండి వడ్డించిన తరువాత మనకేమి మిగులునని వెదకవలసియున్నది.

మన సీమ అన్నపూర్ణ యని పేరుగన్నది. 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట వలన ఈ డెల్టా పచ్చనైనది. ఆ పంటతో అన్నము మనకు ముఖ్యాహారమేకాదు, సర్వాహారమైనది. దంపుడుబియ్యము ఉన్నంతకాలము తవుడులోని సారము కొంత మిగిలెడిది. మరబియ్యము వచ్చి, గింజ తెల్లనైనకొలదియు సారము తవుడుతో పోయినది. ఆ తెల్లని బియ్యమునే పలుమారులు కడిగి, గంజి వార్చి వండుకొనుటచే మిగిలినదియు నీటిపాలాయెను. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనపడు బెరిబెరి వ్యాధి ఒకప్పుడు మద్రాసు రాజధానిలో ఉత్తర సర్కారుల తీరమున మెండుగా ఉండెడిది. వరి పండని చోట్ల కంటె వరి పండిన చోటనే అన్నము వలన ఈ రోగము కలుగుట విపరీతము గదా!

1918లో మెకారిసన్ దొర నీలగిరులలోని కూనూరున ఈ బెరిబెరిని గూర్చియే ఒక చిన్న గదిలో పరిశోధన మొదలిడెను. ఆ పరిశోధనశాల పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలుగొందుచున్నది. అన్నము వలని లోపమును వెదకుటకు పుట్టిన ఆ సంస్థయే తరువాతి కాలమున బక్కచిక్కిన పిల్లలకై ‘హైదరాబాదు మిశ్రమము’ అను పిండిని మనకిచ్చినది. గోధుమలు 40 గ్రాములు, సెనగపప్పు 16 గ్రాములు, వేరుసెనగలు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు దాని కొలతలు. మొత్తము 86 గ్రాములలో 330 కేలరీల శక్తియు, 11 గ్రాములకు మించిన మాంసకృత్తులును ఉండును. కొండెక్కి తేవలసిన ఓషధి యొక్కటియు అందులో లేదు. అంగన్‌వాడీలలో పసివారికిచ్చు బాలామృతమును గోధుమ, సెనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెల కూర్పే.

ఇక మా యింటి సంగతి. మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. అత్తగారు, పదునాలుగేండ్ల అమ్మాయి, పదేండ్ల అబ్బాయి, మేము కలిసి ఐదుగురము. ఒక వర్షాకాలమున ఇంటిల్లిపాదియు జ్వరపడగా వైద్యుడు అందరి రక్తమును పరీక్ష చేయించెను. జ్వరము సామాన్యమైనదే, నాలుగు దినములలో పోయినది. కాని ఆ కాగితములు చూచి వైద్యుడు, “అమ్మా, మీ ఇంట రెండు వంటలు వండుదురా?” అని యడిగెను. స్త్రీలకు రక్తమునందు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గరాదట. మావారికిని అబ్బాయికిని ఉండవలసినంత ఉన్నది. మాకు 9, అమ్మాయికి 9న్నర. అత్తగారికి 10.

మా యింట పొయ్యి ఒక్కటే, కుండ ఒక్కటే. అందరము తినునది ఒకే పప్పు, ఒకే పులుసు. ఆడవారికి నెలనెలయు రక్తము పోవుటచే ఇనుము ఎక్కువ కావలసి వచ్చుననుట సత్యమే. కాని అత్తగారికి ఆ కారణము లేదు గదా! మేము వారము దినములు గమనించి చూచితిమి. ఉదయమున తొమ్మిది గంటలకు మావారును పిల్లలును భోజనము చేసి బడికి పోవుదురు. కూర వారితోనే ముప్పాతిక వంతు చెల్లును. అమ్మాయి మాత్రము ఆలస్యమగునని నాలుగు ముద్దలు తిని లేచును. అత్తగారికి పండ్లు లేవు గనుక మెత్తని అన్నము, చారు, మజ్జిగ. మేము ఇల్లు చక్కబెట్టి, బట్టలుతికి, పళ్ళెము ముందు కూర్చొనుసరికి ఒంటిగంట. అప్పటికి మిగిలినది అన్నము, అడుగున చారు, ఊరగాయ. ఇట్లు ఒక్క కుండయే వడ్డనలో మూడు వంటలగుచున్నది. ఎవరును ఎవరికిని తక్కువ చేయవలెనని తలచలేదు. తక్కువ తనంతటనే వచ్చి చివరి పళ్ళెములో కూర్చొన్నది.

ఇది మా యింటి మాటయే కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది. పంటకు కొదవలేని రాష్ట్రమున సగముకంటె ఎక్కువమంది ఇల్లాండ్రకు రక్తము చాలకుండుట, పంటలోని లోపముకాదు, పంపకములోని లోపమునకును సాక్ష్యమని మా యభిప్రాయము.

వైద్యుడు ఇనుపమాత్రలు వ్రాసియిచ్చి, ఆహారము చూచుకొనుడనెను. అప్పుడు మేము హైదరాబాదు మిశ్రమమును ఆధారముగా గొని, పెద్దలకు తగినట్లు మార్చి పిండి చేసితిమి. కిలో పిండికి కొలతలివి: గోధుమలు 300 గ్రాములు, చోళ్ళు 200 గ్రాములు, వేయించిన సెనగపప్పు 200 గ్రాములు, పెసలు 100 గ్రాములు, వేరుసెనగ గుళ్ళు 100 గ్రాములు, నువ్వులు 100 గ్రాములు. చోళ్ళనగా రాగులే. బెల్లమును పిండిలో కలుపక, త్రాగునప్పుడు వేసికొనుట మేలు. మధుమేహము కలవారు ఇంటనుందురు, వర్షాకాలమున బెల్లము చెమ్మగిల్లును.

ఈ కూర్పునకు కారణము కలదు. గోధుమ, వరి, చోళ్ళ వంటి ధాన్యములలోని మాంసకృత్తులకు లైసిన్ అను భాగము కొరవడును. పప్పులలో అది సమృద్ధి. పప్పులకు మెథియోనిన్ అను భాగము కొరవడును. ధాన్యములందును, విశేషించి నువ్వులందును అది కలదు. ఒకదాని కొరత మరియొకటి తీర్చును. మన పప్పన్నములోని మర్మమిదియే. చోళ్ళు సున్నపుధాతువునకు ప్రసిద్ధములు. వేరుసెనగలును నువ్వులును నూనె కలవగుటచే కొంచెము పిండిలోనే ఎక్కువ శక్తి ఇముడును.

చేయు విధము చెప్పెదము. చోళ్ళను పెసలను వేరువేరుగా కడిగి, రాత్రి నానబోసి, ఉదయమున నీరు వంచి, తడిగుడ్డలో మూటగట్టవలెను. మరునాటికి తెల్లని మొలక కనబడును. మొలకెత్తిన గింజ జావను పలుచబరచును. అందువలన ఎక్కువ పిండి వేసినను జావ గట్టిపడక, పండ్లు లేనివారికి సులభముగా దిగును. గింజలోని ఇనుమును పట్టియుంచు ఫైటేటు అను పదార్థము మొలకచే కొంత తగ్గును. మొలకలను ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి, సన్నని సెగపై కొంచెము వెచ్చజేసిన చాలును. గోధుమలను కమ్మని వాసన వచ్చువరకు దోరగా వేయించవలెను. వేరుసెనగలను వేయించి పొట్టు నలిపివేయవలెను. నువ్వులు చిటపటలాడగానే దింపవలెను. ఒక్క నిమిషము ఆలసించినచో చేదెక్కును.

గోధుమ, చోళ్ళు, పెసలు, సెనగపప్పు కలిపి పిండిమరకు పంపవచ్చును. వేరుసెనగలను నువ్వులను మరకు పంపరాదు; నూనె చేరి మర పట్టును, మరవాడు కోపించును. వానిని ఇంటనే మిక్సీలో ఆపి ఆపి తిప్పి, పొడియైన పిమ్మట పిండిలో చేతితో కలుపవలెను. పిండిని జల్లించి పొట్టు పారబోయరాదు. పసిపిల్లలకును పండ్లు లేని వృద్ధులకును మాత్రము జల్లించుట తగును.

మన డెల్టాలో గాలి చెమ్మగలది. నూనెగింజలు కలిసిన పిండి వేగముగా ముక్కవాసన పట్టును. కనుక వేసవిలో నెలకు, వానలలో పదునైదు దినములకు మించి చేసికొనరాదు. బూజుపట్టిన, ముడుతలుపడిన వేరుసెనగ గుళ్ళను ఒక్కొక్కటిగా ఏరి పారవేయవలెను. ఆ బూజునుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమును చెరచును, వేయించినను పూర్తిగా పోదు. సెనగపిండిని అంగడిలో కొనుటకంటె పప్పు కొని విసరుట క్షేమకరము. చవుకగా దొరకు పిండిలో లంకపప్పు కలుపుట కలదు. కేసరిపప్పనియు పేరుగల ఆ పప్పు విశేషముగా తిన్నవారికి కాళ్ళు పడిపోవును.

ఇక కొలత. మా యింటి ఇత్తడి గిద్దతో తలకొట్టి కొలిచి, తూచి చూడగా 60 గ్రాములు వచ్చినది. మీ గిద్ద వేరు కావచ్చును. ఒకమారు తూచి గుర్తుపెట్టుకొనవలెను. గిద్దెడు పిండిని చన్నీటిలో ఉండకట్టకుండ కలిపి, పొయ్యిమీద ఐదారు నిమిషములు ఉడికించి, 200 మిల్లీలీటర్ల పాలును, 15 గ్రాముల బెల్లమును చేర్చినచో, ఆవుపాల లెక్కను, సుమారు 425 కేలరీల శక్తియు 16 గ్రాముల మాంసకృత్తులును వచ్చును. పోషకాహార సంస్థవారు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారము ఇంటిపని చేసికొను స్త్రీకి దినమునకు 1660 కేలరీలును 46 గ్రాముల మాంసకృత్తులును కావలెను. అనగా ఒక గిన్నెడు జావలో దినపు శక్తిలో పాతికవంతు, మాంసకృత్తులలో మూడవవంతు లభించుచున్నది. మేము కొన్ననాటి వెలలలో కిలో పిండికి మరకూలితో సుమారు 110 రూపాయలైనది. గిద్దెడు పిండికి ఏడు రూపాయలు మించదు. పాలు బెల్లము చేర్చినను ఇరువదిలోపే. మొలకెత్తించిన గింజల పిండిని పచ్చిగా చల్లనినీట కలిపి త్రాగరాదు, తప్పక ఉడికించవలెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని దీనిని సంపూర్ణమని చెప్పుటకు మా నోరు రాదు. ఎండిన పిండిలో సి విటమిను లేదు. బి-12 విటమిను గింజలలో నుండనే యుండదు. అది పాలు, పెరుగు, గ్రుడ్డు, చేపలయందున్నది. ఏ విటమిను స్వల్పము. డి విటమిను ఎండవలన రావలసినదే. అంగడి డబ్బాలలో ఇవన్నియు ఉన్నవనుటకు కారణము, రసాయనజ్ఞులు వానిని తూచి కలుపుటయే.

ఆకుకూరలలోని ఫోలిక్ ఆమ్లము సంగతి మన గోదావరివారు విశేషముగా తెలియవలసినది. 1928 మొదలు బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు నూలుమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముచే అది కుదురుటను 1931లో వెల్లడించెను. ఆ సారములోని వస్తువు ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసినది. ఆకు అను నర్థమిచ్చు లాటిను పదము నుండి దానికి ఆ పేరు వచ్చినది. 1945లో దానిని అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరులనిద్దరిని కొలది దినముల వ్యవధిలో కబళించినది. ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము మందైనది. మన గడ్డపై పుట్టినవాడు లోకమునకిచ్చిన ఈ వస్తువు మన పెరటి తోటకూరలో, గోంగూరలో, పెసలలో ఉన్నది. ఎక్కువసేపు మరిగించినచో నశించును.

స్త్రీకి దినమునకు కావలసిన ఫోలిక్ ఆమ్లము సుమారు 220 మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల పాళ్ళు చేసిన నొక పాలు మైక్రోగ్రాము. వంటయింటి త్రాసు దానిని తూచలేదు. మన చిటికెడు దానిని కొలువలేదు. కొందరు మందుల దుకాణమునుండి మాత్రలు తెచ్చి నూరి పిండిలో కలుపుదురని వినుచున్నాము. ఇది ప్రమాదకరము. ఏ, డి విటమినులును ఇనుమును మోతాదు మించినచో విషములగును. చిన్నపిల్లలున్న యింట మరియు భయము. కావున పిండిని సంపూర్ణము చేయు ప్రయత్నము మాని, పళ్ళెమును సంపూర్ణము చేయుట మేలు. జావతో జామకాయయో, ఉసిరికాయయో, నిమ్మరసమో, మధ్యాహ్నము ఒక ఆకుకూర, వారమున రెండుమూడు దినములు మునగాకు, పాలు, పెరుగు, తినువారికి గ్రుడ్డు, చేప. జామలోని సి విటమిను గింజలలోని ఇనుమును రక్తమునకు చేర్చును. పాలలోని సున్నపుధాతువు ఇనుమును కొంత అడ్డగించును గనుక, మేము ఉదయపు జావ పాలతోను, సాయంకాలపు జావ నీటితో కాచి ఉప్పు నిమ్మరసము చేర్చియు త్రాగుచున్నాము. కాఫీ టీలను జావకు గంట ముందో వెనుకనో త్రాగవలెను.

ఆరునెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ పిండియు పెట్టరాదు. మూత్రపిండముల వ్యాధి కలవారును, వేరుసెనగ సరిపడనివారును వైద్యుని అడుగక వాడరాదు. రక్తహీనతకు పిండి మందు కాదు. పరీక్ష చేయించి, మాత్రలు వ్రాసినచో మాత్రలు వేసికొనవలసినదే.

సంపూర్ణము కాని పిండికై ఇంత శ్రమ ఎందుకని మీరడుగవచ్చును. మేము మొదట చెప్పదలచిన మూడవ మాట ఇచ్చట వచ్చుచున్నది.

మహాభారతమున అశ్వమేధపర్వములో సక్తుప్రస్థోపాఖ్యానము కలదు. ధర్మరాజు యాగము ముగిసినపిమ్మట సగము దేహము బంగారమైన ముంగిస యొకటి వచ్చి, ఈ యాగము కురుక్షేత్రమున నొక పేద బ్రాహ్మణుడు చేసిన తవ్వెడు పిండి దానమునకు సాటిరాదని పలుకును. ఆ బ్రాహ్మణుడు రాలిన గింజలేరుకొని బ్రతుకువాడు. కరవుకాలమున కష్టపడి ప్రస్థమెడు యవలు సంపాదించగా, ఇంటివారు సక్తువులు చేసి, తండ్రి, తల్లి, కొడుకు, కోడలు తలకొక కుడవము చొప్పున పంచుకొనిరి. తినబోవు సమయమున అతిథి వచ్చెను. తండ్రి తన వంతు నిచ్చెను, చాలలేదు; తల్లి తన వంతు నిచ్చెను; పిదప కొడుకు, కడపట కోడలు. ఆ పిండి రాలిన నేలపై పొరలిన ముంగిస సగము దేహము బంగారమాయెను.

ఈ కథను త్యాగమునకు దృష్టాంతముగా చెప్పుట వాడుక. మేమును చిన్ననాట మా నాయనగారి యొద్ద అట్లే చదువుకొంటిమి. గిద్ద చేతబట్టి పిండి కొలుచు దినములలో మరల చదువగా మా దృష్టి వేరొక చోట నిలిచినది. నాలుగు కుడవములొక ప్రస్థము. ఇంటివారు నలుగురు. ఆకలితో కృశించిన ఆ యింట, పిండి చాలీచాలని ఆ పూట, మామగారికెంతయో కోడలికంతయే. దానమునకు ముందు విభాగము జరిగినది. తనదని ఒక వంతు చేతనున్నది గనుకనే ఆ తల్లియు ఆ కోడలును దానము చేయగలిగిరి. వంతే లేని ఇల్లాలు చేయునది త్యాగము కాదు. అది ఆమెకు చెప్పకయే ఆమె పళ్ళెమునుండి జరిగిన తరుగుదల.

అన్నమును కూరను కొలిచి వడ్డించు ఆచారము మనకు లేదు, ఉండనక్కరయు లేదు. కాని పిండి కొలతకు లొంగును. డబ్బాలో ఇన్ని గిద్దలు, నెలకిన్ని దినములు, ఎవరి గిద్దె వారిదని తెలియును. కూర మిగులకపోవచ్చును గాని గిద్దె మిగులును. పిండి గుణములలో మాంసకృత్తులకంటె ఈ గుణమే గొప్పదని మేమందుము.

మా యింట ఇది చిక్కులేకుండ జరుగలేదు. ఉదయము పదిగంటలకు, వంట ముగియగానే, మేమును అత్తగారును జావ త్రాగవలెనని నియమము పెట్టగా ఆమె ఒప్పుకొనలేదు. “వండిన చెయ్యి ముందు తినడం మా రోజుల్లో ఎరగం తల్లీ. నువ్వు తాగు, నాకెందుకు?” అనిరి. ఆమె త్రాగనిది మేము త్రాగుట ఎట్లు? కొన్ని దినములు గిన్నెలు చల్లారిపోయెను. ఒక మధ్యాహ్నము పురాణకాలక్షేపమునకు ఆ యుపాఖ్యానమునే చదివి వినిపించితిమి. విని కొంతసేపు ఊరకుండి, “పిండి ముందే పంచేసుకున్నారా? కోడలికీ సమంగానేనా?” అని యడిగిరి. సమముగనే యంటిమి. మనుస్మృతి మూడవ అధ్యాయమున కన్యలకును, గర్భిణులకును, రోగులకును, క్రొత్తగా పెండ్లియైన ఆడువారికిని అతిథులకంటె ముందే భోజనము పెట్టుమని యున్న మాటయు విన్నవించితిమి. “అది గర్భిణులకు గదా, మనకు కాదుగా” అని నవ్విరి. మరునాడు మేము బట్టలారవేసి లోనికి వచ్చునప్పటికి గిద్ద ఆమె చేతనున్నది. అమ్మాయికొక గిద్దె ఉదయమునకే తీసి వేరుగా ఉంచిరి. నాటినుండి ఇంటి పిండి కొలుచు అధికారము ఆమెదే. ఎవరి గిద్దెయైనను మిగిలినచో కారణము చెప్పవలెను.

ఆరునెలల పిమ్మట మరల పరీక్ష చేయించితిమి. అమ్మాయికి 11న్నర, మాకు 11, అత్తగారికి 11కు కొంచెము తక్కువ. ఇందులో మాత్రల పాలెంత, పిండి పాలెంత, జామకాయ పాలెంత యని విడదీసి చెప్పజాలము. ఇంకను పన్నెండు కాలేదు గనుక మాత్రలును మానలేదు. అమ్మాయి ఉదయమున జావ త్రాగి, డబ్బీలో సెనగలును జామముక్కలును పట్టుకొని బడికి పోవుచున్నది. సాయంకాలము వచ్చి నీరసమని పడుకొనుట మానినది. మాకు మెట్లెక్కునప్పుడు ఆయాసము తగ్గినది.

సోదరీమణులారా, ఈ పిండి చేయుటకు కావలసినవి మీ యింటనే యున్నవి. చోళ్ళు దొరకనిచోట సజ్జలు, పెసలు లేనిచోట మినుములు వేసికొనుడు. కొలతలలో ధాన్యము సగము, పప్పులు మూడు పదుల పాళ్ళు, నూనెగింజలు రెండు పదుల పాళ్ళు ఉండునట్లు చూచుకొన్న చాలును. కాని ఒక్కటి మరువకుడు. పిండి డబ్బా సిద్ధముకాగానే దానిని భర్తకును బిడ్డలకును మాత్రమే కలిపి యిచ్చి, అడుగున మిగిలిన పొడి తరువాత చూచుకొందమనుకొన్నచో, ఇదియు మరియొక కూరయే యగును. మొదటిదినముననే డబ్బాపై ఇంటివారందరి పేరులు వ్రాయుడు. వానిలో మీ పేరు కూడ వ్రాయుడు.